విశాఖ మేడ గదిలో అనంతగిరి ఘాట్: హెచ్.ఓ. మోడల్ రైలు లేఅవుట్‌కు ఏ పట్టాలు తీసుకోవాలి, వైరింగు ఎలా చేయాలి?

అనంతగిరి ఘాట్ (విశాఖపట్నం)

సభ్యులందరికీ నమస్కారం. మా మేడ మీద 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న గది ఖాళీ అయింది. కొత్తవలస–కిరండూల్ లైనులో త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహల మధ్య ఘాట్ భాగాన్ని తలపించే హెచ్.ఓ. (అసలులో 87వ వంతు కొలత) మోడల్ రైలు లేఅవుట్‌ను అందులో కట్టుకోవాలని నిర్ణయించుకున్నాను. ఒక డబ్ల్యు.ఎ.జి.9 గూడ్సు ఇంజను, కొన్ని బాక్స్‌ఎన్ వ్యాగన్లు, నాలుగు ఎల్.హెచ్.బి. ప్రయాణికుల పెట్టెలు ఇప్పటికే ఉన్నాయి. అమెరికా నుంచి మా అన్నయ్య తెచ్చిన స్టార్టర్ సెట్టులో ప్లాస్టిక్ కంకర దిమ్మతో వచ్చే ఉక్కు పట్టాలు, 18 అంగుళాల వ్యాసార్ధపు వంపు ముక్కలు ఉన్నాయి.

కొనేముందు మూడు విషయాల్లో స్పష్టత కావాలి. మొదటిది, పట్టా ఎత్తును తెలిపే కోడ్ 100, కోడ్ 83, కోడ్ 75 పట్టాల్లో ఏది తీసుకోవాలి? రెండవది, పాయింట్లలో (బండిని ఒక లైను నుంచి మరొక లైనుకు మళ్ళించే అమరిక) ఇన్సులేటెడ్ ఫ్రాగ్ (రెండు దారుల పట్టాలు కలిసే ముక్కు) మంచిదా, కరెంటు పారే ఫ్రాగ్ మంచిదా? మూడవది, వైరింగు గురించి. పట్టాలను జాయినర్లతో (పట్టాల కొసలను కలిపే లోహపు తొడుగులు) కలిపి ఒక్కచోట కరెంటు ఇస్తే సరిపోతుందని కొందరు, ప్రతి ముక్కకూ విడిగా తీగ వేయాలని మరికొందరు అంటున్నారు. ఎనిమిదడుగులకు నాలుగడుగుల ప్లైవుడ్ షీటు ఒకటి తెచ్చి బల్లలాగా వేసి మొదలుపెడదామని నా ఆలోచన.

విశ్రాంత పి.డబ్ల్యు.ఐ. (కాజీపేట)

ఘాట్ గారూ, రైల్వేలో పట్టాల నిర్వహణ చూసే ఇన్‌స్పెక్టరుగా (పి.డబ్ల్యు.ఐ.) పనిచేసినవాడిగా చెబుతున్నాను, కోడ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ పెట్టె పొడవు కొలవండి, ఎందుకంటే మిగతా నిర్ణయాలన్నీ దానిమీదే ఆధారపడతాయి. ఎల్.హెచ్.బి. పెట్టె కప్లరుతో కలిపి 24 మీటర్లు ఉంటుంది. దాన్ని 87తో భాగిస్తే 276 మిల్లీమీటర్లు వస్తుంది. అతి పొడవైన బండికి కనీసం మూడింతల వ్యాసార్ధం ఉండాలనేది మోడలర్లు చాలాకాలంగా పాటిస్తున్న లెక్క. అంటే మీకు దాదాపు 830 మిల్లీమీటర్లు కావాలి. మీ దగ్గరున్న 18 అంగుళాల ముక్క 457 మిల్లీమీటర్లే. దానిమీద బాక్స్‌ఎన్ వ్యాగన్లు హాయిగా తిరుగుతాయి, ఎందుకంటే 10.7 మీటర్ల ఆ వ్యాగను మోడల్‌లో 123 మిల్లీమీటర్లకు మించదు. ఎల్.హెచ్.బి. పెట్టెలు మాత్రం మధ్యభాగం లోపలికి, చివరలు బయటికి పొడుచుకొచ్చి, పక్క లైను బండిని తాకుతాయి. కప్లర్లు ఒకదాన్నొకటి పక్కకు లాగి బోగీని పట్టాల మీద నుంచి దింపేస్తాయి.

అసలు రైల్వేతో పోల్చుకుంటే మన పరిస్థితి ఎంత ఇరుకో తెలుస్తుంది. బ్రాడ్ గేజ్‌లో అనుమతించే అత్యంత పదునైన వంపు 10 డిగ్రీలు, అంటే 175 మీటర్ల వ్యాసార్ధం. హెచ్.ఓ.లో అది 2 మీటర్లు! అంత చోటు ఎవరి ఇంట్లోనూ ఉండదు కాబట్టి మూడింతల లెక్కతో సర్దుకుంటున్నాం.

ఇక నాలుగడుగుల బల్ల వెడల్పు 1219 మిల్లీమీటర్లు. అంచున కాస్త చోటు వదిలితే దానిమీద 560 మిల్లీమీటర్ల వ్యాసార్ధం దాటదు. అందువల్ల బల్ల ఆలోచన మానుకోండి. గోడల వెంబడి 18 అంగుళాల వెడల్పు అరలు వేసి, మూలల్లో మాత్రం వాటిని వెడల్పు చేసి, మధ్యలో మీరు నిలబడితే, 10 అడుగుల వైపున కూడా 850 మిల్లీమీటర్ల వంపు సులభంగా పడుతుంది. తలుపు దగ్గర తీసి పెట్టగలిగే ముక్క ఒకటి అవసరమవుతుంది. ఆ ఇబ్బంది భరించక తప్పదు.

ఎన్ గేజ్ నాగావళి (శ్రీకాకుళం)

పి.డబ్ల్యు.ఐ. గారి లెక్కనే ఎన్ స్కేలుకు (అసలులో 160వ వంతు) వర్తింపజేస్తే ఎల్.హెచ్.బి. పెట్టె 150 మిల్లీమీటర్లు, కావలసిన వ్యాసార్ధం 450 మిల్లీమీటర్లు అవుతుంది. అదే గదిలో కొండలకు, లోయలకు రెట్టింపు చోటు మిగులుతుంది. ఘాట్ దృశ్యమే ముఖ్యమైతే ఒకసారి ఆలోచించవలసిన విషయమే. అయితే భారతీయ ఇంజన్లు, పెట్టెలు ఎన్ స్కేలులో దొరకడం చాలా అరుదన్న మాట నిజమే. నేనైతే చాలావరకు త్రీడీ ప్రింటింగు మీదే ఆధారపడుతున్నాను.

అనంతగిరి ఘాట్

నాగావళి గారూ, బండ్లు ఇప్పటికే హెచ్.ఓ.లో కొనేశాను కాబట్టి ఇక వెనక్కి వెళ్ళలేను. పి.డబ్ల్యు.ఐ. గారి మాట ప్రకారం గోడల వెంబడే వెళ్దాం. తక్కువ వ్యాసార్ధం 850గా పెట్టుకుంటాను. మరి ఆ స్టార్టర్ సెట్టు పట్టాలు ఎక్కడైనా పనికొస్తాయా?

మిల్వాకీ తెలుగువాడు (విస్కాన్సిన్)

ఆ పట్టాలను పిల్లలకు ఇచ్చేయండి. సముద్రపు గాలి తగిలే విశాఖలో ఉక్కు పట్టా తుప్పు పట్టక తప్పదు. పాత ఇత్తడి పట్టాలు చవకగా దొరికినా తీసుకోకండి. ఇత్తడి మీద ఏర్పడే ఆక్సైడు పొర కరెంటును ఆపేస్తుంది. నికెల్ సిల్వర్ ఒక్కటే కొనండి. పేరులో వెండి ఉంది గానీ అది రాగి, నికెల్, జింకుల మిశ్రమమే. అది కూడా నల్లబడుతుంది. కానీ ఆ పొర ఇత్తడి మీది పొర అంతగా కరెంటును అడ్డుకోదు.

కోడ్ అంటే పట్టా ఎత్తును అంగుళంలో వెయ్యో వంతులుగా చెప్పే లెక్క. కోడ్ 100 ఎత్తు 2.54 మిల్లీమీటర్లు, కోడ్ 83 ఎత్తు 2.1, కోడ్ 75 ఎత్తు 1.9. హెచ్.ఓ.లో చూడటానికి కోడ్ 100 మొద్దుగా ఉంటుంది. 83 అమెరికా ప్రధాన లైన్లలోని బరువైన పట్టాకు దగ్గరగా ఉంటుంది. ఇక్కడ నా చుట్టుపక్కల క్లబ్బుల్లో కనిపించేది ఎక్కువగా కోడ్ 83యే. నా సలహా కూడా అదే.

దానికి ముఖ్యమైన కారణం పాయింట్లు. పట్టాల తయారీ సంస్థ పీకో వారి స్ట్రీమ్‌లైన్ కోడ్ 100, కోడ్ 75 పాయింట్లలో చిన్నవి, మధ్యరకం, పెద్దవి అన్నీ ఒకే 12 డిగ్రీల కోణంతో విడిపోతాయి. లేఅవుట్ గీసుకోవడానికి అది చాలా సౌకర్యమే. రెండు పాయింట్లను ఎదురెదురుగా పెడితే సమాంతర లైన్ల మధ్య దూరం ఎప్పుడూ దాదాపు 51 మిల్లీమీటర్లే వస్తుంది. అదే సంస్థ కోడ్ 83 శ్రేణిలో మాత్రం అమెరికా పద్ధతిలో 5, 6, 8 నంబర్ల పాయింట్లు ఉంటాయి (నంబరు పెరిగేకొద్దీ దారి మెల్లగా విడిపోతుంది). పొడవైన ఎల్.హెచ్.బి. పెట్టె ప్రధాన లైను నుంచి లూపులోకి (స్టేషన్లో బండ్లు ఆగే పక్క లైను) తిరిగేటప్పుడు 8వ నంబరు మీద నడిచే తీరు, 12 డిగ్రీల పాయింటు మీద నడిచే తీరు పక్కపక్కన చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

విశ్రాంత పి.డబ్ల్యు.ఐ.

తెలుగువాడు గారు చెప్పిన దానికి మా వైపు నుంచి ఒక సమర్థన. మన రైల్వేలో యార్డులకు, గూడ్సు లైన్లకు 8.5కి 1 పాయింట్లు, ప్రయాణికుల బండ్లు తిరిగే లైన్లకు 12కి 1 పాయింట్లు వాడతాం. 8.5కి 1 అంటే దాదాపు 6.7 డిగ్రీలు. మోడల్‌లో 8వ నంబరు పాయింటు దానికి బాగా దగ్గరగా ఉంటుంది. 12 డిగ్రీల పాయింటు మాత్రం 5కి 1 కన్నా కూడా పదునైనది. బొర్రా గుహలు స్టేషన్ లూపుకు 8వ నంబరు, గూడ్సు సైడింగుకు 6వ నంబరు వేయండి.

కానీ పట్టా ఎత్తు విషయంలో ఆయనతో పూర్తిగా ఏకీభవించలేను. కె.కె. (కొత్తవలస–కిరండూల్) లైను అంటేనే సొరంగాలు. మొత్తం లైనులో 58 ఉన్నాయి. మీ లేఅవుట్‌లో మూడో నాలుగో పెట్టినా, ఆ లోపలి పట్టాను చూసేవారు ఎవరూ ఉండరు. అక్కడ కావలసింది అందం కాదు, బండి పడకుండా ఉండటం. సొరంగాల్లోను, వెనక గోడ దాగుడు లైన్లలోను కోడ్ 100 వేసి, బయట కనిపించే భాగంలో కోడ్ 83 వేసి, రెంటినీ కలిపే ప్రత్యేక జాయినరు వాడితే సరిపోతుంది. పాత తరం ఐరోపా బండ్ల చక్రాలకు అంచు లోతుగా ఉండేది. అవి తక్కువ ఎత్తు పట్టా మీద స్లీపరు మేకులను తాకుతూ టకటకలాడతాయి. ముందు ముందు పాత బండ్లు కొనే ఆలోచన ఉంటే ఇది కూడా గుర్తుంచుకోండి.

ఇంకొక మాట. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు అనేది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌కు లెక్క. మన 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్‌కు అది 19.3 మిల్లీమీటర్లు కావాలి. అంటే మీ డబ్ల్యు.ఎ.జి.9 కింద లైను ఎప్పుడూ కాస్త సన్నగానే కనిపిస్తుంది. 19.3 వేయాలంటే పాయింట్లు, చక్రాల ఇరుసులు అన్నీ చేత్తో చేసుకోవాలి. ఆ దారిలో వెళ్ళిన వారంటే నాకు గౌరవం ఉంది గానీ మొదటి లేఅవుట్‌కు వద్దు.

అనంతగిరి ఘాట్

పాయింట్ల సంగతి అర్థమైంది. కనిపించే చోట 83, సొరంగాల్లో 100. ఎక్కుడు (లైను పైకి ఎక్కే వాలు) ఎంతవరకు పెట్టవచ్చు? అసలు ఘాట్‌లో 60కి 1 అంటారు కదా.

మిల్వాకీ తెలుగువాడు

60కి 1 అంటే 1.67 శాతం. మోడల్‌లో అది పెద్ద ఎక్కుడేమీ కాదు. ఒక లైను మరొక లైను మీదుగా దాటడానికి 90 మిల్లీమీటర్ల ఎత్తు కావాలనుకుంటే, 60కి 1 చొప్పున 5.4 మీటర్ల పొడవు పడుతుంది. మీ గది చుట్టుకొలతలో సగం కన్నా తక్కువే. అయితే వంపు కూడా ఇంజనుకు ఎక్కుడులాంటిదే. వ్యాసార్ధాన్ని అంగుళాల్లో తీసుకుని, 32ను దానితో భాగిస్తే వచ్చే సంఖ్యను అదనపు శాతంగా భావించడం ఇక్కడి మోడలర్ల వాడుక. మీ 850 మిల్లీమీటర్లు 33.5 అంగుళాలు, అంటే దాదాపు మరో ఒక శాతం కలుస్తుంది. వంపులో ఎక్కుతున్న బండికి మొత్తం 2.6 శాతం అన్నమాట. వెనక ఇంకొక ఇంజను పెట్టి నెట్టించే ముచ్చట కూడా అప్పుడు తీరుతుంది.

తీగలమేస్త్రి (హైదరాబాద్)

నా వంతు వచ్చిందనుకుంటాను. ఘాట్ గారి మూడో ప్రశ్నకు సూటిగా సమాధానం చెబుతాను. జాయినరు పట్టాను వరసగా నిలబెట్టడానికే, కరెంటు మోయడానికి కాదు. కొత్తగా బిగించినప్పుడు అది కరెంటును బాగానే పంపుతుంది. కొన్ని నెలలకు వదులవుతుంది, లోపల నల్లబడుతుంది, రంగు వేసినప్పుడు, కంకర అతికించినప్పుడు జిగురు లోపలికి చేరుతుంది. అప్పుడు లేఅవుట్ అవతలి మూలలో ఇంజను నీరసపడటం మొదలవుతుంది. దానికి తోడు నికెల్ సిల్వర్‌కు రాగితో పోలిస్తే పదో వంతు విద్యుద్వాహకత కూడా లేదు. అందువల్ల దూరం మోసే పనిని పట్టాకు అప్పగించకూడదు.

పద్ధతి ఇది. బల్ల కింద లైను వెంబడే రెండు లావు తీగలు నడిపించాలి. దాన్ని బస్ అంటాం. ప్రతి పట్టా ముక్క నుంచి ఒక సన్న తీగ దిగి ఆ బస్‌కు కలవాలి, అది ఫీడరు. ఎంత లావు అన్నది ఊహించనక్కర్లేదు, లెక్క కట్టవచ్చు. మీ గది చుట్టూ లైను 11.5 మీటర్ల దాకా వస్తుంది. కంట్రోలు పెట్టెను మధ్యలో పెట్టి బస్‌ను రెండు చేతులుగా విడదీస్తే ఒక్కొక్క చేయి 6 మీటర్లు. పోను రాను 12 మీటర్లు. ఇళ్ళకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు సుమారు 0.0115 ఓము. 12 మీటర్లకు 0.14 ఓము. 3 ఆంపియర్లు లాగినా చివర తగ్గేది 0.4 వోల్టే. అదే 0.5 తీగ వేస్తే 1.2 వోల్టులు పోతాయి, 2.5 వేస్తే పావు వోల్టు మాత్రమే పోతుంది. మీకు 1.5 చాలు, చేతిలో 2.5 మిగిలి ఉంటే వాడుకోండి, వంచడం కాస్త కష్టం. ఫీడర్లకు 0.5 చాలు, కానీ వాటిని ఒక అడుగు లోపే బస్‌కు కలిపేయండి.

రంగులు ముందే నిర్ణయించుకోవాలి. గోడ వైపు పట్టాకు ఎరుపు, మీవైపు పట్టాకు నలుపు అని ఒక్కసారి అనుకుంటే చివరిదాకా అదే. గది మధ్యలో నిలబడి చుట్టూ చూస్తారు కాబట్టి ఈ గుర్తు ఎక్కడా తారుమారు కాదు. 230 వోల్టుల ఇంటి వైరింగు పోయే పైపులోనో, దాని పక్కనో ఈ తీగలను ఎప్పుడూ నడపకండి.

ఫీడరును పట్టాకు బయటి వైపునే సోల్డరింగ్ చేయాలి. లోపలి వైపు చక్రం అంచు పోయే చోటు. తీగ కొసను సగం సెంటీమీటరు మేర ఒలిచి, ఎల్ ఆకారంలో వంచి, పట్టా పాదం మీద ఆనేలా పెట్టండి. పట్టాను, తీగను విడివిడిగా ముందే కాస్త సీసం పట్టించి ఉంచితే, 60 వాట్ల ఐరనుతో ఒక్క క్షణం తాకిస్తే చాలు, అతుక్కుంటుంది. తక్కువ వాట్ల ఐరను పట్టుకుని అరనిమిషం నొక్కితేనే స్లీపర్లు కరుగుతాయి. రెండు వైపులా తడి దూది పెట్టుకోండి. రోజిన్ ఫ్లక్సు మాత్రమే వాడండి. రేకుల పనికి వాడే యాసిడ్ ఫ్లక్సు కొన్నాళ్ళకు తీగను తినేస్తుంది. ఈ సామానంతా ఇక్కడ కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క గంటలో దొరుకుతుంది.

లోకోషెడ్ లలిత (సికింద్రాబాద్)

మేస్త్రి గారి లెక్కతో నాకు పేచీ లేదు గానీ, "ప్రతి ముక్కకూ ఫీడరు" అనేది మరీ కఠినమైన నియమం అనిపిస్తుంది. 914 మిల్లీమీటర్ల ఫ్లెక్సిబుల్ పట్టాలు రెండింటిని జాయినరు దగ్గర సోల్డరింగ్ చేసి ఒకే ముక్కగా చేస్తే, ఆ ఆరడుగులకు మధ్యలో ఒక జత ఫీడర్లు చాలు. వంపుల్లో ఎలాగూ సోల్డరింగ్ చేయాలి. తిన్నగా ఉన్నప్పుడే అతికించి ఆ తర్వాత వంచితే అతుకు దగ్గర పట్టా కోణం తిరగకుండా, గుండ్రంగా వస్తుంది. నా లేఅవుట్ మొత్తం అలాగే ఉంది, ఎక్కడా ఇంజను ఆగదు.

ఫ్రాగ్ గురించి. ఇన్సులేటెడ్ ఫ్రాగ్ పాయింటులో రెండు దారులు కలిసే ముక్కు ప్లాస్టిక్‌ది. వైరింగు ఏమీ అక్కర్లేదు. కానీ చిన్న షంటింగ్ ఇంజను నెమ్మదిగా దాటేటప్పుడు దాని చక్రాలు ఆ ముక్కు మీద ఉన్న క్షణంలో కరెంటు తెగి ఆగిపోతుంది. మీ డబ్ల్యు.ఎ.జి.9కు ఆరు ఇరుసులు, అన్నిటితోను కరెంటు తీసుకుంటుంది కాబట్టి అది ఆగదు. కరెంటు పారే ఫ్రాగ్ లోహంతో ఉంటుంది, పాయింటు ఏ వైపు తిరిగితే ఆ వైపు పట్టా ధ్రువానికి అది మారాలి. ముక్కు దాటిన తర్వాత లోపలి రెండు పట్టాలకు ఇన్సులేటెడ్ జాయినర్లు తప్పనిసరి. అవి మరిచిపోతే పాయింటు తిప్పగానే షార్టు అవుతుంది.

పీకో వారి కొత్త యూనిఫ్రాగ్ ఈ రెంటికీ మధ్యేమార్గం. అందులో కదిలే నాలుకలు పక్క పట్టాలకే కలిపి ఉంటాయి కాబట్టి చక్రం వెనక భాగం తెరిచి ఉన్న నాలుకను తాకినా షార్టు కాదు. ముక్కు విడిగా ఉంటుంది, దాని తీగ కింద సిద్ధంగా ఉంటుంది. ఈరోజు అలాగే వదిలేసి, అవసరమైతే రేపు కలుపుకోవచ్చు. కొత్తగా కొంటున్నవారికి నేను ఇదే చెబుతాను.

తీగలమేస్త్రి

లలిత గారూ, సోల్డరింగ్ చేసిన జతను నేను ఒకే ముక్కగానే లెక్కిస్తాను, కాబట్టి మన మధ్య తేడా పెద్దగా లేదు. అయితే సోల్డరింగ్ మోజులో గది చుట్టూ అతికించేయవద్దని ఘాట్ గారికి మనవి.

యూనిఫ్రాగ్ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను, కానీ ముక్కు తీగను "రేపటికి" వదలకండి. పాయింటు బిగించిన రోజే ఆ తీగను బల్ల కిందికి దించి ఉంచండి. కంకర అతికించాక దాన్ని వెతకడం నరకం. పాయింటు తిప్పడానికి టార్టాయిస్ లాంటి నెమ్మదిగా కదిలే మోటారు పెడితే, అందులోనే ఉన్న స్విచ్చి ద్వారా ముక్కు ధ్రువం దానంతటదే మారుతుంది. అది పూర్తిగా తిరిగి ఆగిన తర్వాత కూడా తీసుకునే కరెంటు 16 మిల్లీ ఆంపియర్లే. టక్కున కొట్టే సోలినాయిడ్ రకం చవక. దానికి మాత్రం కెపాసిటర్ డిశ్చార్జ్ యూనిట్ (కరెంటును ఒక్క విడతగా మాత్రమే వదిలే పరికరం) తప్పక పెట్టండి. బటను ఇరుక్కుపోయి కరెంటు ఆగకుండా పారితే ఆ చుట్ట కాలిపోతుంది.

విశ్రాంత పి.డబ్ల్యు.ఐ.

గది చుట్టూ అతికించవద్దని మేస్త్రి గారు అన్న మాటకు కారణం నేను చెబుతాను. మేడ గది. చలికాలంలో 20 డిగ్రీల దగ్గర పట్టా వేశారనుకోండి, మే నెలలో మధ్యాహ్నం 40 దాటుతుంది. ఆ 20 డిగ్రీల తేడాకు 914 మిల్లీమీటర్ల ముక్క 0.3 మిల్లీమీటర్లు సాగుతుంది. ఒక్క ముక్కకు అది లెక్కలోకి రాదు. 11 మీటర్లు అతుకు లేకుండా ఉంటే మూడున్నర మిల్లీమీటర్లు అవుతుంది, పట్టా పక్కకు ఉబ్బి లేస్తుంది. నా ఉద్యోగంలో ఎండాకాలపు మధ్యాహ్నాలు లైను వెంబడి నడిచి చూసింది దీనికోసమే. తిన్నని భాగాల్లో సోల్డరింగ్ లేని అతుకుల దగ్గర ఒక విజిటింగ్ కార్డు మందం సందు వదలండి. పట్టా వేస్తున్నది ఎండాకాలంలో అయితే సందు అక్కర్లేదు.

నిజానికి పట్టా కన్నా చెక్క ఎక్కువ కదులుతుంది, అది కూడా ఎండకు కాదు, తేమకు. విశాఖలో జులై తేమ ఎలాంటిదో మీకు చెప్పనక్కర్లేదు. బి.డబ్ల్యు.పి. (మరిగే నీటికీ తట్టుకునే) రకం 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకుని, కోసిన అంచులతో సహా అన్ని వైపులా ప్రైమరు పట్టించండి. కింది వైపు వదిలేస్తే అటునుంచే తేమ పీలుస్తుంది. దానిమీద 3 మిల్లీమీటర్ల కార్కు, దానిమీద పట్టా. అతికించడానికి పలుచగా పూసిన ఫెవికాల్ చాలు. తర్వాత మార్చుకోవాలంటే నీళ్ళు చల్లి ఊడదీయవచ్చు.

తిన్న లైను నుంచి నేరుగా 850 వంపులోకి వెళ్ళకండి. మధ్యలో ట్రాన్సిషన్ (మెల్లగా పెరిగే వంపు) ఇవ్వాలి. వంపు మొదలయ్యే చోటును తిన్న గీత నుంచి 10–12 మిల్లీమీటర్లు లోపలికి జరిపి, ఫ్లెక్సిబుల్ పట్టాను ఆ రెంటి మధ్య తనంతట తాను ఒదిగేలా వదిలితే అదే సరైన వంపు తీసుకుంటుంది. రెండు పట్టాల అతుకులు ఎదురెదురుగా రాకుండా చూసుకోండి. సొరంగం లోపల పాయింటు పెట్టవద్దు, వీలైతే అతుకు కూడా వద్దు. ఫీడరు సొరంగం రెండు ముఖాల దగ్గరా ఉండాలి, బండి పడితే చేయి పెట్టి తీసే కిటికీ వెనక నుంచో కింద నుంచో ఉండాలి.

అనంతగిరి ఘాట్

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. నియంత్రణకు డి.సి.యా (పట్టా వోల్టేజిని మార్చి నడపడం), డి.సి.సి.యా (ఒక్కొక్క ఇంజనుకు విడిగా డిజిటల్ సంకేతం పంపడం) అన్నది ఇంకా తేల్చుకోలేదు. దాన్నిబట్టి బస్ మారుతుందా?

లోకోషెడ్ లలిత

బస్ మారదు. అందుకే వైరింగును డి.సి.సి.కి తగ్గట్టు చేసుకుంటే రెంటికీ పనికొస్తుంది. డి.సి.లో ఒక భాగంలో ఒక ఇంజనే నడుస్తుంది. వెనక నుంచి నెట్టే ఇంజను, లూపులో నిలిచి ఉన్న ఇంజను అంటే లైనును ముక్కలు చేసి ఒక్కొక్కదానికి స్విచ్చి పెట్టుకోవాలి. ఘాట్‌లో రెండు ఇంజన్లు కలిపి నడపాలంటే డి.సి.సి.యే సుఖం. ఖర్చు భయపెడితే డి.సి.సి.-ఇ.ఎక్స్ చూడండి. ఆర్డునో మెగా అనే చిన్న కంప్యూటరు బోర్డు, దానిమీద మోటారు షీల్డు (పట్టాలకు కరెంటు ఇచ్చే అదనపు బోర్డు) పెట్టి, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు ఎక్కిస్తే కంట్రోలు పెట్టె తయారవుతుంది. ఆర్డునో వారి పాత మోటారు షీల్డు వాడితే, పట్టాలకు ఇచ్చే 14–15 వోల్టులు ఆర్డునో బోర్డులోకి పారకుండా షీల్డు మీది విన్ (విద్యుత్ లోపలికి వచ్చే పిన్) కలయికను తెంచాలి. ఆ షీల్డు మీది ఎల్298 చిప్పు తానే దాదాపు 2 వోల్టులు తినేస్తుందని, రెండు ఆంపియర్లకు మించి ఆశించవద్దని కూడా గుర్తుంచుకోండి. మీ బండ్లకు అది చాలు.

తీగలమేస్త్రి

డి.సి.సి. ఎంచుకుంటే ఒక పరీక్ష తప్పనిసరి. అయిదు రూపాయల బిళ్ళను రెండు పట్టాల మీద అడ్డంగా పెట్టండి. కంట్రోలు పెట్టె వెంటనే కరెంటు ఆపేయాలి. లేఅవుట్‌లో ప్రతి ముక్క మీదా, ముఖ్యంగా బస్ చివర్లలో, ఇలా చూడాలి. ఎక్కడైనా ఆగకపోతే అక్కడ తీగ సన్నగా ఉందనో, అతుకు వదులుగా ఉందనో అర్థం. అది వెంటనే సరిచేయాలి. ఎందుకంటే 5 ఆంపియర్ల బూస్టరు (పట్టాలకు కరెంటు ఇచ్చే పరికరం) 15 వోల్టుల దగ్గర ఇచ్చేది 75 వాట్లు, అంటే నా సోల్డరింగ్ ఐరను కన్నా ఎక్కువ. బండి పట్టా తప్పి షార్టు అయినప్పుడు కంట్రోలు పెట్టె కరెంటు ఆపకపోతే ఆ వేడంతా చక్రాల మీద, ప్లాస్టిక్ బోగీ మీద పడుతుంది.

అనంతగిరి ఘాట్

అయితే ఇలా అనుకుంటున్నాను. గోడ చుట్టూ అరలు, 850 తక్కువ వ్యాసార్ధం, బయట కోడ్ 83, సొరంగాల్లో కోడ్ 100, స్టేషన్ లూపుకు 8వ నంబరు యూనిఫ్రాగ్ పాయింట్లు రెండు, సైడింగుకు 6వ నంబరు ఒకటి, 1.5 తీగతో బస్, డి.సి.సి.-ఇ.ఎక్స్ పెట్టె తూర్పు గోడ మధ్యలో. ఇక మిగిలింది తలుపు దగ్గర తీసి పెట్టే ముక్క. దానిమీద కరెంటు ఎలా ఇవ్వాలి? అది తీసి ఉన్నప్పుడు బండి వచ్చి కింద పడే ప్రమాదం లేదా?

తీగలమేస్త్రి

ఉంది, దానికి ఉపాయమూ ఉంది. ఆ ముక్కకు రెండు వైపులా ఒక్కొక్క మీటరు పట్టాను ఇన్సులేటెడ్ జాయినర్లతో విడదీయండి. బస్‌ను తలుపు దగ్గర ఆపేయండి, రెండు చేతులూ అక్కడే ముగుస్తాయి. తలుపు ముక్కకు, ఇటుపక్క విడదీసిన మీటరుకు కరెంటు ఇటు చేయి నుంచి, అటుపక్క మీటరుకు అటు చేయి నుంచి రావాలి. ఈ రెండు సరఫరాలూ ఆ ముక్క బిగిసినప్పుడు మాత్రమే కలిసే స్విచ్చుల గుండా వెళ్ళాలి. రిఫ్రిజిరేటరు తలుపుకు ఉండే రకం తలుపు మూస్తే దీపం ఆరిపోయేలా తెంచుతుంది, దానికి తిరగబడ్డది కావాలి. మూడు కాళ్ళ మైక్రోస్విచ్చి తీసుకుంటే రెండు విధాలా కలుపుకోవచ్చు. ముక్క తీసిన మరుక్షణం అటూ ఇటూ మీటరు మేర పట్టా మూగబోతుంది, బండి అంచుకు చేరకముందే ఆగుతుంది. ఒక్క జాగ్రత్త: చక్రాలన్నిటితో కరెంటు తీసుకునే పొడవైన ఇంజను ముందు చక్రాలు విడదీసిన భాగంలో, వెనక చక్రాలు బయట ఉంటే కరెంటు ఇంకా అందుతూనే ఉంటుంది. మీ డబ్ల్యు.ఎ.జి.9 పొడవు 236 మిల్లీమీటర్లే, మీటరు చాలు. వెనక నెట్టే ఇంజనుతో గూడ్సు నడిపేటప్పుడు మాత్రం వెనకది ఇంకా నెడుతూనే ఉంటుంది. అందుకని అలాంటి బండి నడుస్తుండగా తలుపు తీయనివ్వకండి.

విశ్రాంత పి.డబ్ల్యు.ఐ.

ఆ ముక్క కొసల్లో పట్టా చివరలను స్లీపర్ల మీద వదలకుండా, ఒక రాగి పూత బోర్డు పట్టీ మీద సోల్డరింగ్ చేయండి, రెండు పట్టాల మధ్య రాగిని గీసి తెంచడం మరువకండి. రోజూ తీసి పెట్టే చోట ప్లాస్టిక్ మేకులు నిలవవు. ఆనే చోట రెండు వైపులా ఇత్తడి గూటాలు బిగిస్తే ముక్క ప్రతిసారీ అదే వరసలో కూర్చుంటుంది. ప్లైవుడ్ కోయక ముందే గూటాల రంధ్రాలు వేసి, ఆ తర్వాతే పట్టాను ఆ చోటు మీదుగా ఎడతెగకుండా పరిచి, అతుకు దగ్గర సన్న రంపంతో ఒక్కసారే కోయండి.

అనంతగిరి ఘాట్

అలాగే చేస్తాను. వచ్చే వారం ప్లైవుడ్ కొలతలు, అరల గీత ఇక్కడే పెడతాను. పట్టా కొనేముందు పి.డబ్ల్యు.ఐ. గారు ఆ గీతలో ట్రాన్సిషన్లు ఒకసారి చూడవలసిందిగా కోరుతున్నాను.